బిషప్పుకు రాజమహల్ ఎందుకు? వుర్జ్‌బర్గ్ ప్యాలెస్ వెనక ఉన్న లెక్కలు

జర్మనీకి ఉద్యోగానికో చదువుకో వెళ్లిన మనవాళ్లకు ఊళ్లో పేరు నమోదు చేయించుకునే ఫారంలో ఒక గడి ఎదురవుతుంది: మతం. అక్కడ కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే జీతంలోంచి చర్చి పన్ను కట్ అవుతుంది. గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టినవాళ్లు ఆలోచించకుండా రాసేసి, మొదటి పే స్లిప్ చూసి కంగారుపడటం మామూలే. అదే మనిషి ఓ శనివారం ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కి, గంట పైచిలుకు ప్రయాణం చేసి వుర్జ్‌బర్గ్‌లో దిగి, ఒకప్పటి బిషప్పుల ప్యాలెస్ ముందు నిలబడ్డాడనుకోండి. మూడు వందల గదులకు పైగా ఉన్న భవనం, వెనక మెట్లు మెట్లుగా పైకెక్కే తోట. "నా జీతంలో కోత దీని కోసమేనా?" అన్న అనుమానం రావడం సహజం.

దీని కోసం కాదు. చర్చి పన్నుకూ ఈ ప్యాలెస్‌కూ ఏ సంబంధమూ లేదు. కానీ మతం గడిలో ఏమీ రాయని హిందువు కట్టే మామూలు పన్నులకు మాత్రం ఈ భవనంతోనూ, దాన్ని కట్టించిన బిషప్పులతోనూ సంబంధం ఉంది! వినడానికి తిరకాసుగా ఉంటుంది కాబట్టి మొదటి నుంచి వద్దాం.

ఒకే మనిషి, రెండు పదవులు

బిషప్ అంటే మనకు తెలిసిన అర్థం, ఒక మేత్రాసనంలోని (కాథలిక్ చర్చి పాలనా ప్రాంతంలోని) చర్చిలకూ గురువులకూ పెద్ద. ఇప్పటి వుర్జ్‌బర్గ్ బిషప్ అంతే. 1803కు ముందున్న వుర్జ్‌బర్గ్ బిషప్ మాత్రం అంతటితో ఆగేవాడు కాదు. ఆయన ప్రిన్స్-బిషప్. అంటే బిషప్పూ ఆయనే, ఆ ప్రాంతానికి పాలకుడూ ఆయనే.

అప్పటికి జర్మనీ అనే ఒకే దేశం లేదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం అనే పెద్ద గొడుగు కింద వందల చిన్న సంస్థానాలు ఉండేవి. కొన్నిటికి వంశపారంపర్య రాజులు, కొన్ని స్వతంత్ర నగరాలు, మరికొన్నిటికి బిషప్పులూ మఠాధిపతులూ పాలకులు. మన దగ్గర ఒక పీఠాధిపతి చేతిలో మఠం భూములతోపాటు జిల్లా కలెక్టరు, ఎస్పీ, జిల్లా జడ్జి అధికారాలు కూడా పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దానికి సొంత సైన్యం, నాణేలు ముద్రించే హక్కు కూడా కలిపితే ప్రిన్స్-బిషప్ అవుతాడు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బిషప్పుగా ఆయన అధికారం నడిచే మేత్రాసనం, పాలకుడిగా ఆయన పన్ను వసూలు చేసే రాజ్యం ఒకటి కావు. మ్యాపు మీద రెండు గీతలు వేరువేరుగా ఉంటాయి. మేత్రాసనంలోని కొన్ని ఊళ్లకు ఆయన ఆధ్యాత్మికంగానే పెద్ద, పన్ను మాత్రం వేరే రాజుకు వెళ్లేది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో డబ్బు గొడవ అంతా దీని మీదే తిరుగుతుంది.

చక్రవర్తులు బిషప్పులకు ఇంత అధికారం ఎందుకిచ్చారు? బిషప్పుకు పెళ్లి లేదు, చట్టబద్ధమైన వారసుడు లేడు. ఒక కౌంట్‌కు భూమి ఇస్తే కొడుకు, మనవడు దాన్ని తమదే అంటారు. బిషప్ పోతే గద్దె ఖాళీ. పదో శతాబ్దం నుంచి చక్రవర్తులకు ఈ ఏర్పాటు నచ్చింది. వుర్జ్‌బర్గ్ విషయంలో 1168లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా బిషప్ హక్కులను పత్రం రాసి మరీ ఖాయం చేశాడు. దాని బలంతోనే తర్వాతి బిషప్పులు "ఫ్రాంకోనియా డ్యూక్" అని కూడా రాసుకున్నారు. ఫ్రాంకోనియా అంటే వుర్జ్‌బర్గ్ ఉన్న ప్రాంతమే.

రెండు అధికారాలు ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో చూపే ఘటన ఒకటుంది. 1749లో వుర్జ్‌బర్గ్ పక్కనున్న ఉంటర్‌జెల్ కాన్వెంటులో ఉప మఠాధ్యక్షురాలు మరియా రెనాటా సింగర్ మీద మంత్రగత్తె అన్న నేరం మోపారు. ఆమెకు దాదాపు డెబ్బయ్యేళ్లు. చర్చి కోర్టు తప్పు తేల్చింది. చర్చి తన చేతులతో ప్రాణం తీయకూడదు కాబట్టి లౌకిక కోర్టుకు అప్పగించింది. కానీ ఆ లౌకిక కోర్టు కూడా బిషప్పుదే. జూన్ 21న ఆమె తల నరికి శవాన్ని కాల్చారు. ప్యాలెస్ గోడలూ కప్పూ అప్పటికి ఐదేళ్ల క్రితమే పూర్తయ్యాయి. కప్పు మీద బొమ్మలు వేయడానికి చిత్రకారుడు మరుసటి ఏడాది వచ్చాడు.

వారసుడు లేని చోట వంశం ఎలా నిలబడింది?

గద్దె ఖాళీ అయితే కొత్త బిషప్పును ఎన్నుకునేది కెథడ్రల్ పురోహిత మండలి. ఇందులో సీటు కావాలంటే ముందు తరాల వాళ్లంతా కులీనులేనని నిరూపించుకోవాలి. అందువల్ల ఆ ప్రాంతంలోని కొద్దిపాటి కులీన కుటుంబాలే తమ చిన్న కొడుకులను అక్కడ కూర్చోబెట్టి, ఎన్నికల్లో ఒకరికొకరు పోటీపడేవి. ఓటు వేసేముందు "గెలిస్తే మండలికి ఇవి చేస్తాను" అని అభ్యర్థుల చేత హామీలు రాయించుకోవడం కూడా మామూలే. హామీ పత్రాలు శ్రుతి మించి 1695లో పోప్ నిషేధించాల్సి వచ్చింది.

వారసత్వం లేదన్నారు కదా, మరి షోన్‌బార్న్ కుటుంబాన్ని చూడండి. లోథార్ ఫ్రాంజ్ షోన్‌బార్న్ బాంబెర్గ్‌కు బిషప్, మైంజ్‌కు ఆర్చిబిషప్. ఆయన అన్న కొడుకుల్లో యోహాన్ ఫిలిప్ ఫ్రాంజ్ 1719లో వుర్జ్‌బర్గ్ బిషప్ అయ్యాడు. ఫ్రీడ్రిక్ కార్ల్ 1729లో వుర్జ్‌బర్గ్‌కూ బాంబెర్గ్‌కూ కలిపి బిషప్. డామియన్ హ్యూగో స్పేయర్‌కు, ఫ్రాంజ్ గేయోర్గ్ ట్రియర్‌కు. నలుగురు అన్నదమ్ములు, నలుగురూ పాలకులే. తండ్రి నుంచి కొడుక్కు కాకుండా చిన్నాన్న నుంచి అన్న కొడుక్కు పోయే వారసత్వం ఇది. పైగా అందరికీ కట్టడాల పిచ్చి. అన్నదమ్ముల ఉత్తరాల్లో ప్లాన్లు, మేస్త్రీలు, మెట్ల కొలతలు నిండి ఉంటాయి.

ఆగుతూ సాగిన ఇరవై నాలుగేళ్లు

అప్పటిదాకా బిషప్పులు మైన్ నదికి అవతల, కొండ మీది మరియన్‌బెర్గ్ కోటలో ఉండేవాళ్లు. యుద్ధానికి అది మంచిదే. కానీ పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి ఫ్రాన్సు రాజుగారి వెర్సాయ్ ప్యాలెస్‌ను చూసి యూరప్ పాలకులందరికీ ఊళ్లోనే, చదునైన చోట, పెద్ద ముంగిలితో భవనం ఉండాలన్న మోజు పట్టుకుంది. బరోక్ శైలి అంటే కొట్టొచ్చేలా వంపులు తిరిగిన రాతి పని, వరసగా తెరుచుకునే గదులు, మెట్లెక్కే అతిథికి అడుగడుగునా కొత్త దృశ్యం. చూడగానే "ఇక్కడ ఉండేవాడు గొప్పవాడు" అనిపించడమే దాని పని.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి వాటా ఒక అవినీతి కేసు నుంచి. అంతకుముందు బిషప్ దగ్గర ఖజానా చూసిన అధికారి నుంచి సుమారు 6 లక్షల గుల్డెన్లు (అప్పటి నాణేలు) కక్కించి, ఆ ధైర్యంతో యోహాన్ ఫిలిప్ ఫ్రాంజ్ 1720 మేలో శంకుస్థాపన చేశాడు. మిగతాది పన్నులు, అడవులు, ద్రాక్షతోటలు, సుంకాల నుంచి. మొత్తం ఖర్చు 15 లక్షల గుల్డెన్లు దాటిందని అంచనా. అప్పట్లో రోజుకూలీ వారం సంపాదన సుమారు 1 గుల్డెన్. ఏడాదికి 50 వారాలు పని దొరికిందనుకుంటే 15,00,000 ÷ 50 = 30,000. అంటే ఒక కూలీ 30 వేల ఏళ్ల కష్టం. ఇలా లెక్కేస్తే ఏ ప్యాలెస్ అయినా అన్యాయంగానే కనిపిస్తుందనే వాదన ఉంది. ఆ డబ్బులో చాలా భాగం దశాబ్దాలపాటు అక్కడి రాతిపనివాళ్లకూ వడ్రంగులకూ కూలీగానే పోయిందన్నదీ నిజమే. అయితే పన్ను కట్టిన రైతును మాత్రం ఎవరూ అడగలేదు.

శంకుస్థాపన చేసిన బిషప్ నాలుగేళ్లకే 1724లో చనిపోయాడు. రాజు పోతే కొడుకు తండ్రి కట్టడాన్ని పూర్తి చేస్తాడు. బిషప్ పోతే వచ్చేవాడు ప్రత్యర్థి కుటుంబం వాడు కావచ్చు. ఇక్కడ అదే జరిగింది. హుట్టెన్ కుటుంబానికి చెందిన తర్వాతి బిషప్ పనిని నత్తనడక నడిపించాడు. 1729లో మళ్లీ షోన్‌బార్న్ ఎన్నికయ్యాక ఊపందుకుని 1744కు గోడలూ కప్పూ పూర్తయ్యాయి. 1746లో వచ్చిన ఇంగెల్‌హైమ్ అయితే పని ఆపేసి, ప్రధాన వాస్తుశిల్పిని పదవి నుంచే తీసేశాడు. ఈయనకు భవనాల కన్నా బంగారం తయారుచేసే రసవాదం మీద ఆసక్తి. మూడేళ్లకు ఆయనా పోయాడు, శిల్పి మళ్లీ పనిలో చేరాడు.

ఆ శిల్పి పేరు బాల్తజార్ నాయ్‌మన్. మొదట్లో గంటలూ ఫిరంగులూ పోతపోసే పని నేర్చుకున్నాడు, తర్వాత సైనిక ఇంజినీరు అయ్యాడు. అంత చిన్న అనుభవం ఉన్నవాడికి ఇంత పెద్ద పని ఇచ్చారు కాబట్టి మైంజ్ నుంచి వెల్ష్, వియన్నా నుంచి హిల్డెబ్రాంట్ లాంటి పేరున్న శిల్పులు సలహాలు పంపారు. 1723లో నాయ్‌మన్‌నే పారిస్‌కు పంపి అక్కడి శిల్పులకు ప్లాన్లు చూపించారు. అందుకే ఈ భవనం "ఎవరిది" అన్న ప్రశ్నకు ఒకే పేరు చెప్పలేం. ఒక్క మెట్లగది మాత్రం నాయ్‌మన్‌దే అనుకోవచ్చు. సుమారు 18 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు ఉన్న హాలు మీద మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా రాతి కప్పు నిలబెట్టాడు. అది కూలిపోతుందని హిల్డెబ్రాంట్ పందెం కాశాడని, కింద ఫిరంగులు పేల్చి చూసుకోమని నాయ్‌మన్ సవాలు చేశాడని ఊళ్లో కథ చెబుతారు. కథ ఎంతవరకు నిజమో గానీ, కప్పు బలం తేలే రోజు తర్వాత వచ్చింది.

కప్పు మీద గీసిన హక్కు పత్రం

1750 డిసెంబరులో వెనిస్ నుంచి చిత్రకారుడు టియేపొలో ఇద్దరు కొడుకులతో వచ్చాడు. మొదట ఇంపీరియల్ హాలులో పని. అక్కడ గోడల మీదా కప్పు మీదా ఉన్నవి దేవదూతలో బైబిలు కథలో అనుకుంటే పొరపాటే. ఒకటి 1156లో వుర్జ్‌బర్గ్‌లో జరిగిన బార్బరోసా పెళ్లి. పెళ్లి చేయించేది బిషప్. ఎదుటిది 1168 ఘట్టం, అదే చక్రవర్తి ముందు బిషప్ మోకరిల్లి డ్యూక్ అధికారం స్వీకరించడం. అంటే ఈ హాలుకు వచ్చిన ప్రతి రాజుకూ, రాయబారికీ భోజనం మధ్యలో తలెత్తితే కనిపించేది బిషప్ రాజ్యానికి ఉన్న పట్టా. ఆరు వందల ఏళ్ల నాటి కాగితాన్ని రంగుల్లో మళ్లీ రాయించుకోవాల్సి వచ్చిందంటే, దాన్ని ప్రశ్నించేవాళ్లు అప్పటికే ఎక్కువయ్యారనే నేను అర్థం చేసుకుంటాను.

మెట్లగది కప్పు ఇంకా తమాషా. దాదాపు 600 చదరపు మీటర్ల ఒకే చిత్రం, నాలుగు అంచుల్లో నాలుగు ఖండాలు. ఏనుగు మీద కూర్చున్న స్త్రీ ఆసియా, మొసలి మీద అమెరికా, ఒంటె మీద ఆఫ్రికా. మెట్లెక్కుతూ మలుపు తిరిగితే ఎదురయ్యేది యూరప్. దాని మీద గాల్లో ఎత్తిపట్టిన గుండ్రటి చట్రంలో అప్పటి బిషప్ గ్రైఫెన్‌క్లౌ ముఖం. ఖండాలన్నీ వచ్చి దణ్ణం పెట్టేది రెండున్నర లక్షల జనాభా ఉన్న చిన్న రాజ్యపు పాలకుడికన్నమాట! యూరప్ అంచున కింద ఫిరంగి గొట్టం మీద చేరబడి, సైనిక దుస్తుల్లో, పక్కన కుక్కతో ఒకాయన తీరిగ్గా పైకి చూస్తుంటాడు. ఆయనే నాయ్‌మన్. పైన బిషప్పుకు పూజ జరుగుతుంటే ఆయన చూపు మాత్రం తను కట్టిన కప్పు మీద ఉన్నట్టు నాకనిపిస్తుంది.

కోట బురుజు మీద తోట

వెర్సాయ్ తోటకు కావలసినంత చదును నేల ఉంది. వుర్జ్‌బర్గ్‌లో ప్యాలెస్ వెనక కొద్ది దూరంలోనే ఊరి కోటగోడ, ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు. తోటను చూపు ఆనేంత దూరం పరిచే వీలు లేదు. 1755లో బిషప్ అయిన సైన్స్‌హైమ్ (తల్లి వైపు నుంచి ఈయనా షోన్‌బార్న్ మేనల్లుడే) బొహీమియా నుంచి వచ్చిన తోటమాలి యోహాన్ ప్రోకోప్ మేయర్‌కు పని అప్పగించాడు. 1770ల్లో మేయర్ చేసింది తెలివైన పని. గోడను దాచే ప్రయత్నం చేయకుండా బురుజు వాలునే తోట చేశాడు. నేల మీద మొదలైన దారులు ఇరువైపులా మెట్లుగా, వాలు బాటలుగా ఎక్కుతూ బురుజు పైకి చేరతాయి. పైనుంచి వెనక్కి తిరిగితే ప్యాలెస్ కిటికీలు కంటికి సమానంగా ఉంటాయి. దక్షిణం వైపు తోట పూర్తిగా వేరు. గుండ్రటి నీటి కొలను చుట్టూ శంకువుల్లా కత్తిరించిన యూ చెట్లు, కొలతపెట్టి గీసినట్టు. మేయర్‌కు పళ్లచెట్లంటే ప్రాణం. ఫ్రాంకోనియా పళ్ల మీద బొమ్మలతో సంపుటాలే రాశాడు. యోహాన్ పీటర్ వాగ్నర్ చెక్కిన శిల్పాలు, ఓయెగ్ చేసిన ఇనుప గేట్లు ఇంకా ఉన్నాయి. ముందు ముంగిలికి ఓయెగ్ చేసిన పెద్ద ఇనుప కంచెను మాత్రం 1821లో, ఊరు తన చేతికొచ్చాక, బవేరియా ప్రభుత్వం తీయించేసింది. లోపలికి టికెట్ ఉంది గానీ తోటకు లేదు.

1803: రెండు రకాల స్వాధీనం

1801లో నెపోలియన్ ఫ్రాన్సు రైన్ నదికి పడమటి ఒడ్డు మొత్తం కలుపుకుంది. అక్కడ భూములు పోయిన జర్మన్ రాజులకు పరిహారం ఇవ్వాలి. ఎక్కడి నుంచి? అడిగే వారసులు లేని బిషప్పుల రాజ్యాల నుంచి. చక్రవర్తులకు ఒకప్పుడు నచ్చిన లక్షణమే ఇప్పుడు బిషప్పులకు ముప్పయింది. 1803 ఫిబ్రవరి 25న సామ్రాజ్య ప్రతినిధుల తీర్మానంతో దాదాపు అన్ని బిషప్ రాజ్యాలూ రద్దయ్యాయి. వుర్జ్‌బర్గ్ బవేరియాకు వెళ్లింది. కొన్నాళ్లు హాబ్స్‌బర్గ్ వంశపు ఫెర్డినాండ్ చేతికి మారి, 1814లో మళ్లీ బవేరియాకు చేరింది. మధ్యలో ఇక్కడ బస చేసిన నెపోలియన్ దీన్ని యూరప్‌లోకెల్లా అందమైన పాస్టరు బంగళా అని వెక్కిరించాడని చెబుతారు.

అప్పుడు జరిగింది ఒక స్వాధీనం కాదు, రెండు. మొదటిది పాలన లాక్కోవడం: పన్ను, కోర్టు, సైన్యం. రెండోది ఆస్తి లాక్కోవడం: మఠాల భూములు, అడవులు, కెథడ్రల్ ఆదాయాలు. మొదటిది ఒక పాలకుడు పోయి ఇంకో పాలకుడు రావడమే. రెండోది చర్చి తన పనికి వాడుకునే సొత్తు తీసుకోవడం. దీనికి బదులుగా చర్చి ఖర్చులు భరిస్తామని రాజ్యాలు ఒప్పుకున్నాయి. ప్యాలెస్ ఏ వాటాలోకి వస్తుంది? పాలకుడి ఆదాయంతో, పాలకుడి కోసం కట్టింది కాబట్టి మొదటి దాంట్లోకి. ఇప్పటికీ బవేరియా రాష్ట్రానిదే. 1981 నుంచి యునెస్కో వారసత్వ స్థలం.

1945 మార్చి 16 రాత్రి బ్రిటిష్ బాంబర్లు ఇరవై నిమిషాల్లో ఊరిని బూడిద చేశాయి. సుమారు 5,000 మంది చనిపోయారు. ప్యాలెస్ పైకప్పు కలప అంతా కాలి కూలింది గానీ దాని కింద నాయ్‌మన్ కట్టిన రాతి కప్పు నిలబడింది, టియేపొలో చిత్రమూ మిగిలింది. వాన పడి అది పాడవకుండా అమెరికా సైన్యంలోని కళా అధికారి జాన్ స్కిల్టన్ కలప సంపాదించి తాత్కాలిక కప్పు వేయించాడు. పూర్తిగా పోయిన అద్దాల గదిని పాత ఫొటోలు, ఒక చిత్రం, మిగిలిన ముక్క ఆధారంగా 1987కు మళ్లీ చేశారు.

చర్చి పన్ను వేరు, ప్రభుత్వ చెల్లింపు వేరు

ఇప్పుడు మొదటి అనుమానానికి వద్దాం. చర్చి పన్ను జీతం మీద కాదు, ఆదాయపు పన్ను మీద వేస్తారు. బవేరియాలోనూ బాడెన్-వుర్టెంబర్గ్‌లోనూ 8 శాతం, మిగతా చోట్ల 9. ఏడాదికి ఆదాయపు పన్ను 5,000 యూరోలు కట్టే కాథలిక్ మ్యూనిక్‌లో 400, బెర్లిన్‌లో 450 చర్చి పన్ను కడతాడు. అది సభ్యుల చందా లాంటిది, వసూలు చేసిపెట్టేది మాత్రం ప్రభుత్వం. సభ్యుడు కాని వాడికి సున్నా.

రెండోది 1803 నాటి స్వాధీనానికి బదులుగా రాష్ట్రాలు చర్చిలకు ఏటా ఇచ్చే సొమ్ము. హాంబర్గ్, బ్రెమెన్ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ కలిపి ఇచ్చేది ఏటా సుమారు 60 కోట్ల యూరోలు. బవేరియాలో 1924లో పోప్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం బిషప్పుల జీతభత్యాలూ ఈ పద్దులోవే. ఇది అందరి పన్నుల్లోంచి పోతుంది, హిందువైనా నాస్తికుడైనా. ప్యాలెస్ మరమ్మతులకూ ప్రభుత్వ ఖజానానే కాబట్టి అక్కడా అంతే.

నిజానికి దీన్ని ఆపేయాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగం 138వ అధికరణమే చెప్పింది: ఒకేసారి పరిహారం ఇచ్చి లెక్క ముగించాలని. 1949 రాజ్యాంగం ఆ వాక్యాన్ని అలాగే తీసుకుంది. వందేళ్లు దాటినా అమలు కాలేదు. 2020లో మూడు ప్రతిపక్ష పార్టీలు కలిసి బిల్లు తెచ్చాయి, వార్షిక మొత్తానికి 18.6 రెట్లు ఇచ్చి తెంచుకుందామని. 60 కోట్లు × 18.6 అంటే 1,116 కోట్ల యూరోలు. 2021లో పార్లమెంటు దాన్ని తిరస్కరించింది.

చర్చిల వాదన: ఆస్తి తీసుకున్నది నిజం, ఇస్తామన్నది నిజం, కాబట్టి ఇది దానం కాదు, బాకీ. ఒకేసారి తీర్చినా మాకు అభ్యంతరం లేదు. విమర్శకులది రెండు ముక్కలు. రెండు వందల ఏళ్లుగా కట్టింది ఆస్తి విలువను ఎప్పుడో దాటింది కాబట్టి ఇంకా 18 రెట్లు ఎందుకు? రెండోది, పోయినదాంట్లో పెద్ద భాగం పాలకుడిగా బిషప్ అనుభవించిన రాజ్యాదాయం, దానికి పరిహారం అడిగే హక్కు చర్చికి ఎక్కడిది? నాకు బలంగా తోచేది ఈ రెండో ప్రశ్నే. అయితే ఒకే మనిషి రెండు పదవుల్లో, ఒకే ఖజానా దగ్గర కూర్చున్నప్పుడు ఏ ద్రాక్షతోట ఎవరి పేరున ఉన్నట్టు అన్నది ఊరూరా, పత్రం పత్రం తిరగేస్తే తప్ప తేలదు.

అడ్డుపడుతున్నది సిద్ధాంతం కన్నా డబ్బే. ఏటా చెల్లింపు రాష్ట్రాల బడ్జెట్‌లో కనపడనంత చిన్నది, 18 ఏళ్ల సొమ్ము ఒక్కసారిగా అంటే ఏ ఆర్థిక మంత్రీ సంతకం పెట్టడు. 2021 చివర్లో వచ్చిన ప్రభుత్వం కూడా ఈ చట్టం చేస్తామని ఒప్పందంలో రాసుకుంది, చేయకుండానే 2024 నవంబరులో కూలిపోయింది. చర్చ అంతా వార్షిక సొమ్ము గురించే తప్ప భవనాలు వెనక్కివ్వడం గురించి కాదు కాబట్టి, ఏ సూత్రం గెలిచినా వుర్జ్‌బర్గ్ ప్యాలెస్, తోట బవేరియా చేతిలోనే ఉంటాయి.